సలమాంకాలో మూడు వారాలు: తరగతిలో నోరు పెగలడం లేదు

తోర్మెస్_ఒడ్డున | సెప్టెంబరు 24, రాత్రి 11:40

అందరికీ నమస్కారం. నాది ఖమ్మం. ఈ నెల 2న స్పెయిన్‌లోని సలమాంకాకు మాస్టర్స్ చదవడానికి వచ్చాను. మొక్కల జీవసాంకేతికత నా విషయం. పాఠాలన్నీ స్పానిష్‌లోనే. హైదరాబాద్‌లో రెండేళ్ళు నేర్చుకుని, బీ1 అనే మధ్యస్థాయి పరీక్ష పాసై వచ్చాను. కాగితం మీది వాక్యం నాకు అర్థమవుతుంది. అదే వాక్యం ఆచార్యులు నోటితో అంటే సగం కూడా అందదు. అందిన సగానికి మనసులో ఇంగ్లీషు చేసుకుని, జవాబును ఇంగ్లీషులో కూర్చుకుని, దాన్ని స్పానిష్‌లోకి మార్చేసరికి చర్చ మరో విషయానికి వెళ్ళిపోతుంది. మూడు వారాల్లో తరగతిలో నేను పలికిన మాటలు పదికి మించవు.

ఊరు చాలా అందమైనది. విశ్వవిద్యాలయం 1218 నాటిది. విల్యమయోర్ అనే ఇక్కడి రాయితో కట్టిన గోడలు సాయంత్రపు ఎండలో బంగారంలా మెరుస్తాయి. వాటి మీద పూర్వ విద్యార్థులు పట్టా అందుకున్న ఆనందంలో రాయించుకున్న ఎర్రటి అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటి కింద నుంచి రోజూ మౌనంగా నడిచి వెళ్తున్నాను.

ఒక పెద్దావిడ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాను. భర్త పోయారు, పిల్లలు మాడ్రిడ్‌లో ఉంటారు. ఆవిడ మంచివారు. నేనే ఎక్కడో తప్పు చేశాననిపిస్తోంది. వచ్చిన రోజు భోజనం చేస్తావా అని అడిగితే మొహమాటపడి వద్దన్నాను. మళ్ళీ అడుగుతారనుకున్నాను. ఆవిడ గిన్నె లోపల పెట్టేశారు. తరువాతి ఆదివారం కలిసి భోంచేశాం. తినగానే లేచి కంచాలు కడిగేశాను. సాయం చేశాననుకున్నాను కానీ ఆవిడ ముఖం చిన్నబోయింది. ఎందుకో ఇప్పటికీ తెలియలేదు.

మన రాత్రి పదింటికి అమ్మ ఫోను చేస్తుంది. ఇక్కడ అప్పుడు సాయంత్రం ఆరున్నర. గంటసేపు మాట్లాడి పెట్టేశాక గది మరింత నిశ్శబ్దంగా ఉంటుంది. ఓదార్పు ఇంటి నుంచి అందుతోంది. మీలో అనుభవం ఉన్నవారు నాకు దారి చెప్పండి.

---

బార్సిలోనా_బాటసారి | సెప్టెంబరు 25, ఉదయం 7:15

చెల్లెమ్మా, భాష గురించి నాకంటే బాగా చెప్పేవారు ఇక్కడ ఉన్నారు. నేను కాగితాల గురించి చెబుతాను, ఎందుకంటే మీకు గడువు దగ్గరపడింది. ఆరు నెలలకు మించిన విద్యార్థి వీసా ఉన్నవారు స్పెయిన్‌లో దిగిన నెల రోజుల్లోగా విదేశీయుల గుర్తింపు కార్డుకు దరఖాస్తు పెట్టుకోవాలి. దాన్ని ఇక్కడ ‘తీఎ’ అంటారు. అంతకంటే ముందు పురపాలక కార్యాలయంలో నివాసం నమోదు చేయించుకోండి. దాని పేరు ఎంపద్రోనమియెంతో. అద్దె ఒప్పందం గానీ, ఇంటి యజమానురాలు సంతకం చేసిన అనుమతి పత్రం గానీ కావాలి. చాలాచోట్ల కార్డు కోసం ఆ నమోదు పత్రం అడుగుతారు.

తరువాత ‘థీతా ప్రేవియా’, అంటే ముందుగా సమయం తీసుకోవడం. ఖాళీలు కనబడకపోతే నిరాశపడకుండా పొద్దున పొద్దున్నే చూస్తూ ఉండండి. వెళ్ళేటప్పుడు ఈఎక్స్-17 దరఖాస్తు, 790-012 నమూనా మీద రుసుము కట్టిన రసీదు, పాస్‌పోర్టు, ఫోటోలు, అన్నిటి నకళ్ళు తీసుకెళ్ళండి. నేను ఆ రసీదు మరచిపోయి వెళ్ళాను. తప్పు నాదే. మరో సమయం దొరకడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు నిద్ర సరిగా పట్టలేదు. ఈ పని ముగిస్తే మీ మనసులో సగం బరువు దిగుతుంది.

---

వచ్చే_ఏడు | సెప్టెంబరు 25, ఉదయం 9:02

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నేను వచ్చే సెప్టెంబరుకు ప్రయత్నిస్తున్నాను. నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, మొత్తం పేరు ఒకే గడిలో ఉంది. అక్కడ ఇబ్బందవుతుందా అన్నా?

---

బార్సిలోనా_బాటసారి | సెప్టెంబరు 25, ఉదయం 9:30

అవుతుంది తమ్ముడూ. ఇక్కడ ఒక్కొక్కరికి రెండు ఇంటిపేర్లు. మామూలుగా తండ్రి మొదటి ఇంటిపేరు, దాని వెనుక తల్లి మొదటి ఇంటిపేరు. పెళ్ళయినా స్త్రీ తన ఇంటిపేర్లు మార్చుకోదు. కాబట్టి ప్రతి దరఖాస్తులోనూ ఇంటిపేరుకు రెండు గడులుంటాయి. రెండోది ఖాళీగా ఉన్నా సర్దుకుంటారు. మొదటిదే ఖాళీ అయితే గుమస్తా ఒక చోట ఒకలా, మరో చోట ఇంకోలా రాస్తారు. బ్యాంకులో ఒక మనిషి, కళాశాలలో మరో మనిషి అయిపోతారు. సమయం ఉంది కాబట్టి పాస్‌పోర్టు సరిచేయించుకునే రండి.

---

పాత_పలక | సెప్టెంబరు 25, మధ్యాహ్నం 3:20

అమ్మాయీ, ఇరవై ఏళ్ళుగా హైదరాబాద్‌లో స్పానిష్ చెబుతున్నాను. మీ కష్టం మీ రాతలోనే తెలుస్తోంది. స్పానిష్‌కు ఇంగ్లీషు మీదుగా వెళ్తున్నారు. పాఠ్యపుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండటంతో మనందరికీ ఇదే అలవాటు చేశారు. అది చుట్టుదారి. తెలుగు నుంచి తిన్నగా వెళ్ళండి.

‘నాకు టీ ఇష్టం’ అంటాం. స్పానిష్‌లో ‘మే గుస్తా ఎల్ తే’. అక్కడ ‘మే’ అంటే అచ్చంగా మన ‘నాకు’. ‘నాకు తల నొప్పిగా ఉంది’ అనేదీ అంతే: ‘మే దుఎలే లా కబేథా’. ఇంగ్లీషులో ఇష్టపడేది ‘నేను’ కాబట్టి, ఆ దారిన వచ్చినవారు ఈ వాక్యం దగ్గర నెలల తరబడి తడబడతారు. మనకు ఇది ఉగ్గుపాలతో వచ్చిన వాక్యం. ఆకలి దగ్గర మాత్రం దారి వేరు: మనకు ఆకలి వేస్తుంది, వాళ్ళు ఆకలిని ‘కలిగి’ ఉంటారు, ‘తెంగో ఆంబ్రే’. అలాంటివి విడిగా ఒక కాగితం మీద రాసుకోండి.

ఇక అందరినీ ఏడిపించే ‘సేర్’, ‘ఎస్తార్’. రెండూ ‘ఉండు’ అనే అర్థమిచ్చే క్రియలే. ‘నేను విద్యార్థిని’ అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు. అక్కడ ‘సేర్’ వాడండి. ‘నేను ఇంట్లో ఉన్నాను’ అన్నప్పుడు ‘ఉన్నాను’ వచ్చింది. అక్కడ ‘ఎస్తార్’. గుణాల దగ్గర మన ‘ఉంటుంది’, ‘ఉంది’ తేడా పట్టుకోండి. ‘మంచు చల్లగా ఉంటుంది’: దాని స్వభావం చెబుతున్నాం, సేర్. ‘కాఫీ చల్లగా ఉంది’: ఇప్పటి స్థితి చెబుతున్నాం, ఎస్తార్. అన్నిచోట్లా ఇది సరిపోదు, ముందుకు వెళ్ళాక మినహాయింపులు ఎదురవుతాయి. మొదటి మూడు నెలలు మిమ్మల్ని నడిపించడానికి చాలు.

ఉచ్చారణ సంగతి కూడా చెప్పనివ్వండి, అది నాకు మహా ఇష్టమైన విషయం. ఎస్పాఞా (స్పెయిన్‌కు స్పానిష్ పేరు) అనే మాటలోని ఆ ‘ఞ’ను చిన్నప్పుడు పలక మీద దిద్దాం, తరువాత విడిగా ఎన్నడూ వాడలేదు. ఇప్పుడు రోజుకు వందసార్లు అవసరమవుతుంది. ‘పెరో’ అంటే కానీ, ‘పెఱ్ఱో’ అంటే కుక్క. ఆ రెండో దానికి మన బండి ఱ గుర్తు తెచ్చుకుని నాలుకను ఇంకాస్త అదిరించండి. త, ద, ప, క లు మన నోటిలో ఉన్నట్టే అక్కడా ఒత్తు లేకుండా పలుకుతారు. ఇంగ్లీషు వారు ఏళ్ళ తరబడి దిద్దుకునే ధ్వనులు మనకు పుట్టుకతో ఉన్నాయి.

---

వలెన్సియా_వాకిలి | సెప్టెంబరు 25, సాయంత్రం 6:48

టీచరు గారు చెప్పింది చదివి పదేళ్ళ క్రితమే ఇది తెలిసుంటే అనుకున్నాను.

అమ్మా, ఆ ఆదివారం సంగతి నేను చెబుతాను. భోజనం అయ్యాక బల్ల దగ్గరే గంట, గంటన్నర కూర్చుని మాట్లాడుకోవడం వీళ్ళ ఆచారం. దానికి ‘సోబ్రెమేసా’ అని పేరు. వాళ్ళకు భోజనంలో అదే ముఖ్యమైన భాగం. మీరు లేచి కంచాలు తీసేసరికి ఆవిడకు మీరు వెళ్ళిపోవాలని తొందరపడుతున్నట్టు అనిపించి ఉంటుంది. వచ్చే ఆదివారం ఆవిడ లేచేదాకా కూర్చోండి. మాటలు రాకపోయినా కూర్చోండి. ఏదైనా పెడతానంటే మొదటిసారే ‘సీ, గ్రాథియాస్’ (సరే, ధన్యవాదాలు) అనండి. మన మొహమాటం వీళ్ళకు అర్థం కాదు, వద్దంటే వద్దనే అనుకుంటారు.

ఇంకో మాట. ఒంటరిగా కుమిలిపోవద్దు. సలమాంకా నుంచి మాడ్రిడ్‌కు రైలులో రెండు గంటలలోపే. లవాపియెస్ పేటలో మన సరుకులు దొరికే దుకాణాలు ఉన్నాయి. శని, ఆదివారాలు తెలుగువాళ్ళతో గడపండి. మన వంట తిని మన మాట మాట్లాడితే వారమంతా నిలబడే బలం వస్తుంది.

---

గ్వాదలహారా_గాలి | సెప్టెంబరు 26, ఉదయం 5:10

వాకిలి గారితో గౌరవంగానే విభేదిస్తున్నాను. నేను మెక్సికోలోని గ్వాదలహారాలో కంప్యూటర్ ఉద్యోగిని. మొదటి ఏడాది ఐదుగురు తెలుగువాళ్ళం ఒకే ఇంట్లో ఉన్నాం. సుఖంగానే గడిచింది. ఏడాది చివర చూసుకుంటే కూరగాయల అంగడిలో బేరం తప్ప నాకు స్పానిష్ రాలేదు. ఇల్లు మారి మెక్సికన్ కుటుంబం పక్క వాటాలోకి వెళ్ళాక ఆరు నెలల్లో మాట వచ్చింది. తోర్మెస్ గారికి దొరికిన ఆ పెద్దావిడ ఇల్లు ఒక వరం. ప్రతి వారాంతం మాడ్రిడ్ వెళ్తే ఆ ఆదివారపు బల్ల పోతుంది.

ఇక్కడ పెద్దవాళ్ళను ‘ఉస్తేద్’ అంటాం, మన ‘మీరు’ లాగే. అమ్మ పిలిస్తే పిల్లలు ‘మాందే’ అని పలుకుతారు, ఆజ్ఞాపించండి అని అర్థం. స్పెయిన్‌లో ఆచార్యులను కూడా ‘తూ’, అంటే ‘నువ్వు’, అంటారని విన్నాను. నాకైతే నోరు రాదు.

---

వలెన్సియా_వాకిలి | సెప్టెంబరు 26, మధ్యాహ్నం 1:30

మీ మాట కొంత నిజమే. కానీ మీరు ఐదుగురి మధ్య నుంచి బయటికి వచ్చారు. ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. మూడు వారాలు మాట్లాడకుండా ఉన్న మనిషికి ముందు కావలసింది భాష కాదు, తోడు. మొదటి చలికాలంలో ఇలాగే కృంగిపోయి చదువు వదిలేసి వెళ్ళిన పిల్లను చూశాను. ఆ మాట అనుభవంతో చెప్పాను. నెలకు ఒక్కసారైనా వెళ్ళిరా అమ్మా.

---

పాత_పలక | సెప్టెంబరు 26, సాయంత్రం 4:05

‘తూ’ గురించి ఒక మాట. ఆచార్యులే అలా పిలవమంటే అలాగే పిలవండి. మనం అమ్మను నువ్వంటాం, దేవుణ్ణీ నువ్వంటాం. అందులో అగౌరవం లేదు, దగ్గరితనం ఉంది. స్పెయిన్‌లో ‘తూ’ ఆ వైపు జరిగింది. తరగతిలో ఉస్తేద్ అంటూ ఉంటే మీరే దూరం పెడుతున్నట్టు వినిపిస్తుంది. బ్యాంకులోనూ కార్యాలయాల్లోనూ వృద్ధులతోనూ ఉస్తేద్‌తో మొదలుపెట్టండి, వాళ్ళు మార్చమంటే మార్చండి.

---

తోర్మెస్_ఒడ్డున | అక్టోబరు 13, ఉదయం 10:20

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నాను. నివాసం నమోదు అయింది, గుర్తింపు కార్డుకు సమయం దొరికింది, వేలిముద్రలు ఇచ్చి వచ్చాను. బాటసారి అన్నా, రసీదు నకళ్ళు మూడు పట్టుకెళ్ళాను.

అమ్మ ఫోను వేళ మార్చాను. ఇప్పుడు ఇక్కడ పొద్దున ఎనిమిదింటికి, అక్కడ పదకొండున్నరకు మాట్లాడుకుంటున్నాం. సాయంత్రం ఆరున్నరకు ఊరంతా ప్లాథా మయోర్ చౌకులోకి వస్తుందని ఇన్నాళ్ళూ నాకు తెలియనే లేదు. తాతలు, పసిపిల్లలు, విద్యార్థులు అందరూ ఊరికే నడుస్తారు, నేల మీద కూర్చుంటారు. కలుసుకోవాలంటే ‘గడియారం కింద’ అని చెప్పుకుంటారు. వారానికి రెండు రోజులు అక్కడే ఒక తరగతి స్నేహితురాలితో మాట్లాడుతున్నాను. అరగంట తనకు ఇంగ్లీషు, అరగంట నాకు స్పానిష్.

లిఫ్టులో ఎక్కిన అపరిచితులు కూడా దిగుతూ ‘అస్తా లుఏగో’ అంటారు. మళ్ళీ కలుద్దామని అర్థం కదా, ఎప్పుడు కలుస్తామని అనుకునేదాన్ని. టీచరు గారి మాట గుర్తొచ్చి తెలుగులో ఆలోచించాను. మనం ‘వెళ్తాను’ అనం, ‘వెళ్ళొస్తాను’ అంటాం. అంతే!

మొన్న గురువారం సద్దుల బతుకమ్మ. తంగేడు లేదు, గునుగు లేదు. పూల దుకాణంలో చామంతులు కొని ఒక పళ్ళెంలో చిన్న బతుకమ్మను పేర్చాను. ఇంటావిడ చూసి నిలబడిపోయి, ఎవరు పోయారని మెల్లగా అడిగారు. ఇక్కడ చామంతులు సమాధుల మీద పెట్టే పూలట. నాకు వచ్చిన స్పానిష్ అంతా కూడగట్టుకుని చెప్పాను: ఇది పూలనే దేవతగా కొలిచే పండుగ, ఆడవాళ్ళం చుట్టూ తిరిగి పాడతాం, చివరికి నీళ్ళలో వదులుతాం. ఎన్ని తప్పులు చేశానో తెలియదు. ఆవిడ కోటు వేసుకుని నాతో బయలుదేరారు. రోమన్ వంతెన దగ్గర తోర్మెస్ నదిలో వదిలాం. నేను పాడాను, ఆవిడ చేతులు కట్టుకుని నిలబడ్డారు.

తిరిగి వస్తుంటే మీ ఊరు ఎక్కడ అని అడిగారు. హైదరాబాద్ దగ్గర అని చెప్పాను. ఆవిడ ఆగి, “అనంతపూర్?” అన్నారు. ఢిల్లీ కాదు, ముంబయి కాదు, అనంతపురం! మాది అది కాదని, భాష మాత్రం ఒకటేనని చెప్పాను. ఆవిడ నా చేయి పట్టుకుని ‘ఇహా’ అన్నారు. కూతురా అని. అనంతపురం ఆవిడకు ఎలా తెలుసో అడిగేలోపు కళ్ళు తుడుచుకుంటున్నారు, అడగలేకపోయాను.

---

వేరుశనగ_చేను | అక్టోబరు 13, మధ్యాహ్నం 12:50

చెల్లీ, నేను చెబుతాను. నాది కదిరి దగ్గర పల్లె. బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రేర్ గారు 1952లో జెసూట్ అనే క్రైస్తవ సంఘ సభ్యుడిగా మన దేశానికి వచ్చారు. మహారాష్ట్రలోని మన్మాడ్‌లో రైతుల కోసం పనిచేశారు. 1968లో దేశం విడిచి వెళ్ళమన్నారు. మరుసటి ఏడు తిరిగి వచ్చి అనంతపురంలో స్థిరపడ్డారు. తాను, భార్య ఆన్ గారు కలిసి నడిపిన సంస్థే ఆర్‌డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్). 2009లో అనంతపురంలోనే కన్నుమూశారు. మా బత్తలపల్లి ఆసుపత్రి వాళ్ళు కట్టిందే. స్పెయిన్‌లో ఎన్నో కుటుంబాలు నెలనెలా కొంత పంపి మా జిల్లా పిల్లల్లో ఒక్కొక్కరికి అండగా నిలిచాయి. మన తెలుగు రాష్ట్రాల్లో ఏ ఊరి పేరూ తెలియని స్పానిష్ ఇంట్లో కూడా అనంతపురం పేరు వినిపించేది అందుకే. రఫాయెల్ నడాల్ టెన్నిస్ శిక్షణ కేంద్రం 2010లో అక్కడ తెరిచింది కూడా ఆ బంధంతోనే.

ఆ పిల్లల్లో నేనూ ఒకణ్ణి. ఏడో తరగతిలో స్పెయిన్‌లోని బుర్గోస్‌లో ఉన్న నా ‘పద్రీనో’కు, అంటే నాకు అండగా డబ్బు పంపిన ఆయనకు, వేరుశనగ మొక్క బొమ్మ వేసి పంపాను. వేళ్ళు, నేలలోని కాయలతో సహా. ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాక వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన లేరు. ఆవిడ ఒక రేకు డబ్బా తెచ్చి తెరిచారు. నా బొమ్మ, ఏడాదికొకటి చొప్పున నా ఫోటోలు, ఉత్తరాలు అందులో ఉన్నాయి. ఆ రోజు నాకు వచ్చిన స్పానిష్ కూడా నోటికి రాలేదు.

మీ ఇంటావిడను అడగండి. ఆవిడ దగ్గర కూడా ఒక డబ్బా ఉండవచ్చు.

---

తోర్మెస్_ఒడ్డున | నవంబరు 2, రాత్రి 9:15

అన్నా, ఉంది. డబ్బా కాదు, దండెం పక్కన గూట్లో ఒక కవరు. అందులో ఒక అమ్మాయి ఫోటోలు, ఆరేళ్ళ నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా. ఉత్తరాల్లో తెలుగు పై వరుస, స్పానిష్ కింది వరుస. ఆవిడ ఎప్పుడూ కింది వరుసే చదివారు. పై వరుస ఎలా వినిపిస్తుందో చదవమన్నారు. పన్నెండు ఉత్తరాలూ చదివాను. సోబ్రెమేసా సాయంత్రం ఆరింటిదాకా సాగింది.

నిన్న సకల పుణ్యాత్ముల దినం. ఆవిడతో శ్మశానానికి వెళ్ళాను. ఎటు చూసినా బకెట్ల నిండా చామంతులు. ఆవిడ భర్త సమాధి మీద పెట్టిన పూలలో ఒకటి తీసి నాకిచ్చి, నీ పండుగ పువ్వు అన్నారు.

ఇక తరగతి సంగతి. సోమవారం చిక్కుడు జాతి మొక్కల పాఠం. నత్రజనిని పట్టే బ్యాక్టీరియా మూలకేశాల గుండా వేరులోకి ప్రవేశిస్తుందని ఆచార్యులు చెబుతున్నారు. నాకు వేరుశనగ అన్న వేసిన బొమ్మ గుర్తొచ్చింది. వేరుశనగలో అలా జరగదు. పక్కవేరు పొడుచుకొచ్చే చోట ఏర్పడే సందులోంచి అవి లోపలికి వెళ్తాయి. బీఎస్సీలో చదివాను, వేళ్ళు కోసి చూశాను. చేయి ఎత్తేశాను. “ఎన్ ఎల్ కకవేతే, నో,” (వేరుశనగలో అలా కాదు) అని మొదలుపెట్టి నాలుగైదు వాక్యాలు చెప్పాను. మధ్యలో ‘సందు’కు మాట తెలియక చేతులతో చూపించాను. ఆయన ఆ మాట అందించి, నల్లబల్ల దగ్గరికి వచ్చి బొమ్మ గీయమన్నారు. గీశాను. మనసులో ఇంగ్లీషు లేదని కూర్చున్నాకే గమనించాను.

వాకిలి అక్కా, మాడ్రిడ్ ఒకసారి వెళ్ళొచ్చాను. కందిపప్పు, ఆవాలు తెచ్చుకున్నాను, ఇద్దరు తెలుగు అమ్మాయిలు స్నేహితులయ్యారు. మీరు చెప్పిన బలం నిజమే. నెలకు ఒక్కసారి చాలు.

ఒక సాయం కావాలి. 10వ తేదీ ఆదివారం ఇంటావిడ చెల్లెలు వస్తున్నారు. పులిహోర చేస్తానని మాట ఇచ్చాను. చింతపండు తీసుకోవడం మరచిపోయాను. ఇక్కడ ఎక్కడ దొరుకుతుంది?

---

గ్వాదలహారా_గాలి | నవంబరు 3, ఉదయం 6:20

లాటిన్ అమెరికా సరుకులు అమ్మే దుకాణం ఒకటి ఆ ఊళ్ళో తప్పక ఉంటుంది. ‘తమరిందో’ అని అడగండి. చక్కెర కలిపిన రకం కూడా వస్తుంది, కవరు మీద చదివి చూసుకోండి. ఇక్కడ మెక్సికోలో పిల్లలు తినే చింతపండు మిఠాయిలో కారం కూడా వేస్తారు, మొదటిసారి తిన్నప్పుడు మా ఊరి బడి ముందు బండి గుర్తొచ్చింది. బియ్యం గుండ్రటి రకం కొనకండి, ముద్దవుతుంది. పొడుగు గింజ తీసుకోండి. ఎండుమిర్చికి ‘గిందీయా’. కరివేపాకు మీద ఆశ పెట్టుకోకండి. మీ కకవేతేను ఇక్కడ కకవాతే అంటారు, గుప్పెడు ఎక్కువే వేయండి.

---

తోర్మెస్_ఒడ్డున | నవంబరు 9, రాత్రి 10:05

దొరికింది. గింజలు, పీచు అన్నీ ఉన్నాయి, చక్కెర లేదు. చెల్లెలు గారు ఈ రాత్రే వచ్చారు. ఇద్దరూ వంటగదిలో కూర్చుని వేరుశనగలు ఒలుస్తున్నారు. చింతపండు రేపు పదింటికి నానబెడతాను.